ర్యాంకు వేరు, నీటిమట్టం వేరు: దేశాల పత్రికా స్వేచ్ఛను కొలిచే లెక్కల వెనక

క్లుప్తంగా: పత్రికా స్వేచ్ఛ జాబితాలో దేశం ఎన్నో స్థానంలో ఉందన్నది ఇతర దేశాల మీద కూడా ఆధారపడుతుంది. దేశంలో పరిస్థితి ఎలా ఉందో తెలియాలంటే స్కోరు చూడాలి. ఆ స్కోరులో ఐదు విభాగాలుంటాయి. గోదావరి జిల్లాల్లో పనిచేసే విలేకరి మీద ఎక్కువ బరువు పడేది ఆర్థిక విభాగంలో, దేశం మొత్తానికి ఇచ్చే ఒక్క అంకెలో సరిగా కనిపించనిదీ అదే.

ఏటా మే నెల మొదట్లో ఒక అంకె పత్రికల్లోకి వస్తుంది. ప్యారిస్ కేంద్రంగా పనిచేసే రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ 180 దేశాల జాబితా విడుదల చేస్తుంది. 2025 జాబితాలో భారత్ 151వ స్థానంలో ఉంది. అంతకు ముందు ఏడాది 159. దాంతో ఒక వర్గం ‘ఎనిమిది స్థానాలు పైకి వచ్చాం’ అంటుంది, మరో వర్గం ‘నేపాల్ కన్నా అరవై స్థానాలు కింద ఉన్నాం’ అంటుంది. నేపాల్ 90, శ్రీలంక 139, బంగ్లాదేశ్ 149, భూటాన్ 152, పాకిస్థాన్ 158. రెండు మాటల్లోనూ అంకెలు తప్పు కాదు. కానీ ఆ అంకెలు దేన్ని కొలుస్తున్నాయో తెలియకుండా వాదిస్తే ఎవరికి నచ్చిన అర్థం వాళ్లు తీసుకోవచ్చు. భీమవరంలోనో అమలాపురంలోనో టీ కొట్టు దగ్గర పేపరు చదివే మనిషికి అందులో తేలేది ఏమీ ఉండదు.

పంటు దాటితే మరో చట్టం

రెండు దేశాల పత్రికా చట్టాలను పోల్చడం గోదావరి జిల్లాలకు కొత్త సంగతి కాదు. గౌతమి ఒడ్డున ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచి వారిది. చుట్టూ ఉన్నదంతా 1947 దాకా బ్రిటిష్ వారిది. ఎదుర్లంక వైపు నుంచి పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కి అవతలి ఒడ్డున దిగితే చట్టం మారిపోయేది. 1929లో బాల్యవివాహాలను నిషేధిస్తూ శారదా చట్టం వచ్చాక పెళ్లి బృందాలు యానాం దారి పట్టడం, ఆ ఊరికి కల్యాణపురం అనే పేరు రావడం ఇక్కడి పెద్దలు ఇప్పటికీ చెప్పుకునే మాటే.

పత్రికల విషయంలోనూ అంత తేడా ఉంది. ఫ్రాన్స్ 1881 జులై 29న చేసిన పత్రికా చట్టం ప్రకారం ముందస్తు అనుమతి, ధరావతు లేకుండానే పత్రిక పెట్టుకోవచ్చు. చివర్లో ఉన్న 69వ అధికరణ దాన్ని వలసలకూ వర్తింపజేసింది. ఇటు బ్రిటిష్ ఇండియాలో 1910 పత్రికా చట్టం ధరావతు కట్టించుకునే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. నచ్చని రాత కనిపిస్తే ఆ డబ్బు జప్తు చేసేవారు. అంతకు రెండేళ్ల ముందు, 1908లో, బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకు వెళ్లారు. అదే ఏడాది తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి మద్రాసు వదిలి ఫ్రెంచి పుదుచ్చేరి చేరారు. ఆయన ‘ఇండియా’ పత్రిక అక్కడి నుంచి వెలువడింది. బ్రిటిష్ ప్రాంతంలోకి అది రాకుండా అడ్డుకున్నారు. పాఠకులంతా అడ్డుకట్టకు ఇవతలే ఉండటంతో పత్రిక ఎక్కువ కాలం నిలవలేదు.

చట్టం ఒక్కటే పత్రికను బతికించేదైతే గోదావరి ఒడ్డున పత్రికల కేంద్రం యానాం కావాల్సింది. అయింది రాజమండ్రి. కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ మొదలుపెట్టింది బ్రిటిష్ పాలన కిందే. కోర్టుల్లో లంచాల గురించి, అధికారుల అక్రమాల గురించి ఆయన రాసింది కూడా అక్కడే. చదువుకున్నవాళ్లు, బడులు, కోర్టులు, చందా కట్టగలిగే ఇళ్లు అక్కడ ఉన్నాయి. యానాంలో మేలైన చట్టం ఉంది, పాఠకులు లేరు. ఇప్పటి అంతర్జాతీయ సూచికలు చట్టంతో పాటు మరో నాలుగింటిని ఎందుకు కొలుస్తున్నాయో తెలియడానికి ఈ పోలిక చాలు.

కొలిచే తీరు

రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ 1985లో ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో పుట్టింది. 2002 నుంచి జాబితా ఇస్తోంది. ఆ మొదటి జాబితాలో భారత్ స్థానం 80. అయితే అప్పటి 80ని 2025 నాటి 151 పక్కన పెట్టి పోల్చడం సరికాదు. అప్పటి దేశాల సంఖ్య వేరు, లెక్క కట్టే పద్ధతి వేరు. 2022లో సంస్థ పద్ధతినే మార్చింది. ఇప్పుడు రాజకీయం, ఆర్థికం, చట్టం, సమాజం, భద్రత అనే ఐదు విభాగాలు ఉన్నాయి. ఒక్కోదానికి 100 మార్కులు, ఐదింటి సగటే దేశం స్కోరు. ఇందులో కొంత లెక్కింపు: ఎందరిని చంపారు, ఎందరిని నిర్బంధించారు. కొంత అభిప్రాయం: ఆ దేశంలోని విలేకరులు, పరిశోధకులు, మానవ హక్కుల రంగంలోని వారు ప్రశ్నావళికి ఇచ్చే జవాబులు. మే నెలలో వచ్చే జాబితా ప్రధానంగా గడిచిన ఏడాది పరిస్థితిని చూపిస్తుంది.

న్యూయార్క్‌లో 1981లో మొదలైన కమిటీ టు ప్రొటెక్ట్ జర్నలిస్ట్స్ దారి వేరు. వాళ్లు ర్యాంకు ఇవ్వరు, తలలు లెక్కపెడతారు. ఏటా డిసెంబరు 1న ప్రపంచవ్యాప్తంగా ఎందరు విలేకరులు జైళ్లలో ఉన్నారో చెబుతారు. 2024లో ఆ లెక్క 361. చైనాలో 50, ఇజ్రాయెల్ నిర్బంధంలో 43, మయన్మార్‌లో 35. భారత్ లెక్క ఒంటి అంకెలోనే ఉంది.

ఒక సంస్థ లెక్కలో ఒంటి అంకె, మరో సంస్థ జాబితాలో 151. పాఠకులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. నిజానికి ఈ రెండింటికీ పొంతన కుదరకపోవడమేమీ లేదు. ఫిబ్రవరిలో అరెస్టయి నవంబరులో బెయిలు మీద బయటికొచ్చిన విలేకరి డిసెంబరు 1 లెక్కలోకి రాడు. అతని మీద కేసు మాత్రం ఉంటుంది. మండలం నుంచి జిల్లా కేంద్రానికి వాయిదాలకు తిరుగుతూనే ఉంటాడు. వాయిదా ఉన్న రోజు పని పోతుంది, లాయరు ఫీజు చేతి నుంచి పడుతుంది. జైలు లెక్క చూసే సంస్థకు ఆ కష్టం కనిపించదు. ప్రశ్నావళి నింపే మనిషికి కనిపిస్తుంది.

గేజీ చెప్పేది, వరస చెప్పేది

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. ఆ రోజు కృష్ణలో ఎంత నీరుందో, మహానదిలో ఎంత ఉందో ఈ లెక్కకు పనిలేదు. కృష్ణలో వరద ఎక్కువగా ఉందని గోదావరి గట్టు మీద కాపలా తగ్గించరు. పత్రికా స్వేచ్ఛ స్కోరు ఈ గేజీ లాంటిది. ర్యాంకు అలా కాదు. అన్ని నదులనూ వరసలో నిలబెట్టి ఇది ఎన్నోది అని చెప్పడమే ర్యాంకు.

భారత్ అంకెలను ఈ రెండు విధాలా చూస్తే తేడా తెలుస్తుంది. 2023లో స్కోరు 36.62, ర్యాంకు 161. 2024లో స్కోరు 31.28కి పడిపోయింది, ర్యాంకు మాత్రం 159కి మెరుగైంది. అయిదు మార్కులకు పైగా కోల్పోయిన ఏడాదిలో రెండు మెట్లు ఎక్కినట్టు కనిపించడానికి కారణం ఒక్కటే, వరసలో దగ్గరగా ఉన్న మరికొన్ని దేశాలు ఇంకా ఎక్కువ పడిపోవడం. 2025లో స్కోరు 32.96కి కొద్దిగా పెరిగింది. దాన్ని మెరుగుదల అనవచ్చు, 2023 స్థాయి మాత్రం ఇంకా రాలేదు.

ఇంతకన్నా చెప్పుకోదగ్గది 2022, 2025ల పోలిక. 2022లో ర్యాంకు 150, 2025లో 151. వరస చూసేవారికి మూడేళ్లలో ఏమీ జరగనట్టే ఉంటుంది. స్కోరు మాత్రం 41 నుంచి 33కి దిగింది. ఈ సూచికలో 40 మార్కుల దగ్గర ఒక గీత ఉంది. 40 నుంచి 55 దాకా ఉంటే పరిస్థితి ‘కష్టం’, 40 లోపు ఉంటే ‘చాలా తీవ్రం’. 2022లో భారత్ గీతకు కాస్త పైన ఉంది. 2023 నుంచి కిందే ఉంది. 2025లో గీత కింద ఉన్న దేశాలు 42. వాటితో పాటు మొత్తం ప్రపంచమే జారుతున్నప్పుడు ర్యాంకు కదలకుండా ఉండటం ఊరట కలిగించే సంగతి కాదు.

2025 జాబితాలో పైన నార్వే ఉంది, 92 మార్కులతో. 2017 నుంచి మొదటి స్థానం దానిదే. అడుగున 180వ స్థానంలో ఎరిట్రియా. 2001 సెప్టెంబరులో అక్కడి ప్రైవేటు పత్రికలన్నీ మూసేసి విలేకరులను పట్టుకెళ్లారు. స్వీడన్ పౌరసత్వం కూడా ఉన్న దావిత్ ఇసాక్ అప్పుడు అరెస్టయినవారిలో ఒకరు. ఇప్పటికీ విచారణ లేదు.

లైన్ అకౌంట్, యాడ్ టార్గెట్

ఐదు విభాగాల్లో ఆర్థికానికి పాఠకులు ఇచ్చే ప్రాధాన్యం తక్కువ. హత్య, అరెస్టు వార్తలవుతాయి, జీతం లేకపోవడం వార్త కాదు. 2025 జాబితాలో మాత్రం ప్రపంచం మొత్తాన్ని కిందికి లాగింది ఈ విభాగమే. 180లో 160 దేశాల్లో వార్తా సంస్థలు ఆర్థికంగా నిలదొక్కుకోవడం కష్టంగానో అసాధ్యంగానో ఉందని ఆ నివేదిక చెప్పింది. అమెరికాలో పత్రికా స్వేచ్ఛకు రాజ్యాంగ రక్షణ 1791 నుంచి ఉంది. అయినా ఆ దేశం 57వ స్థానానికి దిగడానికి చిన్న ఊళ్ల పత్రికలు వరసగా మూతపడటం ఒక ముఖ్య కారణం.

ఇది గోదావరి జిల్లాల్లో ఎలా పనిచేస్తుందో చూడటానికి ఒక మండల విలేకరి నెల సంపాదన చాలు. తెలుగు దినపత్రికలకు జిల్లా పేజీలు, నియోజకవర్గం పేజీలు వచ్చాక ప్రతి మండలానికీ ఒక విలేకరి అవసరమయ్యాడు. వీరిలో ఎక్కువ మందికి నెల జీతం ఉండదు. ట్రేడులో ‘లైన్ అకౌంట్’ అంటారు. అచ్చయిన వార్తను కొలిచి, ఆ కొలత మీద కట్టే చిన్న మొత్తం అది. డ్రెయిన్ పూడిక గురించి ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ వారం తిరిగి తెచ్చిన వార్తకూ, ప్రారంభోత్సవం ఫోటో కింద రాసిన నాలుగు వాక్యాలకూ రేటు ఒకటే. పెట్రోలు ఖర్చు కూడా రాని నెలలుంటాయి.

నిలబెట్టేది ప్రకటనల కమీషన్. సంక్రాంతి, ఆగస్టు 15, పత్రిక వార్షికోత్సవం, నాయకుల పుట్టినరోజులు వస్తే టార్గెట్ వస్తుంది. ఆ టార్గెట్ టెన్షన్‌తో విలేకరి ఎవరి దగ్గరికి వెళ్లాలి? మండలంలో ప్రకటన ఇవ్వగలిగేవారు పది, పదిహేను మంది ఉంటారు: రొయ్యలు కొనే వ్యాపారి, రైస్ మిల్లు యజమాని, ఇసుక ర్యాంపు నడిపేవారు, కార్పొరేట్ కాలేజీ, సర్పంచి, ఎంపీపీ. రొయ్యల చెరువుల మురుగు పంట కాలువలోకి వదులుతున్నారన్న ఫిర్యాదు వచ్చినా, ర్యాంపులో రాత్రిపూట లారీలు తిరుగుతున్నాయన్న ఫోన్ వచ్చినా అవతలి మనిషి ఆ పది, పదిహేను మందిలో ఒకడే అయి ఉంటాడు. ఎవరూ బెదిరించరు, నోటీసు రాదు. వార్త మాత్రం రాదు. ఈ లేని వార్తను ఏ సంస్థా లెక్కపెట్టలేదు.

నార్వేతో పోలిక ఇక్కడ ఉపయోగపడుతుంది. ఆ దేశం మొత్తం జనాభా 55 లక్షలు. పాత తూర్పు గోదావరి జిల్లా జనాభా 2011 లెక్కల్లోనే 51 లక్షలు దాటింది. దాదాపు ఒక జిల్లా అంత దేశంలో రెండు వందలకు పైగా పత్రికలున్నాయి, వాటిలో చాలావరకు చిన్న ఊళ్లవి. 1969 నుంచి ప్రభుత్వం పత్రికలకు సబ్సిడీ ఇస్తోంది. దాన్ని మంత్రుల ఇష్టానికి వదల్లేదు. నియమాలు ముందే ఉంటాయి, చిన్న పత్రికలకూ, ఊళ్లో రెండో స్థానంలో ఉన్న పత్రికకూ మొగ్గు ఉంటుంది. సంపాదకీయ నిర్ణయాల్లో యజమాని జోక్యం చేసుకోకూడదని 2008లో చట్టమే చేశారు. సర్కారు డబ్బు తీసుకునే పత్రికలు సర్కారును ఎలా విమర్శిస్తాయన్న అనుమానం తెలుగు పాఠకుడికి సహజంగా వస్తుంది, ఎందుకంటే ఇక్కడ ప్రభుత్వ ప్రకటనలు ఏ పత్రికకు ఎన్ని ఇవ్వాలన్నది అధికారంలో ఉన్న పార్టీతో పాటు మారడం మామూలైపోయింది. రెండుచోట్లా డబ్బు ప్రభుత్వానిదే. ఎవరికి ఎంత అన్నది నియమం చెబుతుందా, మనిషి చెబుతాడా అన్నదే తేడా. నార్వేకు వచ్చే మార్కుల్లో మంచి మనుషుల పాత్ర కన్నా ఈ ఏర్పాటు పాత్ర ఎక్కువని చెప్పాలి.

అరెస్టు లేకుండా ఆపే పద్ధతులు

భారత రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛ అనే మాట విడిగా లేదు. 19(1)(ఎ) అధికరణలోని భావ ప్రకటన స్వేచ్ఛలోనే అది ఉందని సుప్రీంకోర్టు 1950 నుంచీ చెబుతోంది. పేజీల సంఖ్యను బట్టి పత్రిక ధర నిర్ణయించే చట్టాన్ని 1961లో కొట్టేసింది, న్యూస్‌ప్రింట్ కోటాతో పేజీలు తగ్గించే విధానాన్ని 1972లో తప్పుపట్టింది. మరోవైపు పరువు నష్టం ఇక్కడ ఇప్పటికీ క్రిమినల్ నేరమే, 2016లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025 జాబితాలో 139వ స్థానంలో ఉన్న శ్రీలంక ఆ నేరాన్ని 2002లోనే తీసేసింది. అందుకని శ్రీలంక విలేకరులు నిశ్చింతగా ఉన్నారని కాదు. ఒక చట్టం పోయినా మరో దారి మిగలవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి దారులు పార్టీలకు అతీతంగా కనిపిస్తాయి. తప్పుడు వార్తల మీద ప్రభుత్వ శాఖలు పత్రికలపై కేసులు వేయడానికి 2007లో 938 నంబరు జీవో వచ్చింది, నిరసనల తర్వాత దాన్ని పక్కన పెట్టారు. 2019 అక్టోబరు 30న 2430 నంబరు జీవోతో అదే ఆలోచన మళ్లీ వచ్చింది. 2019లోనూ 2024లోనూ ప్రభుత్వం మారిన వెంటనే కొన్ని తెలుగు వార్తా ఛానెళ్లు చాలా ఊళ్లలో కేబుల్ మీద కనిపించకుండా పోయాయి. రెండుసార్లూ పోయిన ఛానెళ్లు వేరు, పోయిన తీరు ఒకటే. ఏ ఉత్తర్వూ లేదు, ఎవరూ అరెస్టు కాలేదు. కోనసీమలో టీవీ పెట్టిన మనిషికి తెర మీద ‘సిగ్నల్ లేదు’ అని మాత్రం వచ్చింది.

కోనసీమ సిగ్నల్ పోవడాన్ని మరో విధంగానూ చూసింది. జిల్లా పేరు మార్పు మీద 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక మొబైల్ ఇంటర్నెట్ చాలా రోజుల పాటు ఆగింది. పుకార్లు ఆపడానికే అని అధికారులు చెప్పిన కారణంలో నిజం ఉంది, ఆ రోజు పుకార్లు ప్రాణం మీదికి తెచ్చేవే. కానీ ఫోటో, వీడియో పంపాల్సిన విలేకరికీ, పుకారు పంపేవాడికీ ఒకే తీగ. ఒకదాన్ని కోస్తే రెండూ తెగుతాయి. 2020 జనవరిలో కశ్మీర్ కేసులో సుప్రీంకోర్టు ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వులను ప్రచురించాలని, గడువు లేకుండా ఆపకూడదని చెప్పింది.

హత్యల లెక్కలోనూ చిక్కుంది. 2019 అక్టోబరులో, అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని తునిలో, ఒక దినపత్రిక విలేకరిని ఇంటి దగ్గర్లోనే నరికి చంపారు. ఇలాంటి ఘటనను అంతర్జాతీయ లెక్కలో చేర్చాలంటే ముందు ఒక ప్రశ్న తేలాలి: రాతల వల్లా, వేరే గొడవ వల్లా? న్యూయార్క్ సంస్థ అందుకే కారణం రుజువైనవి, కానివి అని రెండు పద్దులు రాస్తుంది. స్థానిక విలేకరికి ఊళ్లో భూమి ఉంటుంది, బంధువులుంటారు, తగాదాలుంటాయి. అతని హత్యకు కారణం తేలడం రాజధానిలో పనిచేసే విలేకరి విషయంలో కన్నా కష్టం. దర్యాప్తు సాగినకొద్దీ పేరు రెండో పద్దులోనే మిగిలిపోతుంది.

ప్రభుత్వ అభ్యంతరాల్లో నిలిచేవి, నిలవనివి

ఈ సూచికను కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో పలుమార్లు తోసిపుచ్చింది. జవాబు చెప్పినవారు చాలా తక్కువ మంది, పద్ధతి పారదర్శకంగా లేదు, ప్రజాస్వామ్య మూలాలకు తగిన విలువ ఇవ్వలేదు అన్నవి ప్రధాన అభ్యంతరాలు. 2022 నవంబరులో ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి పత్రం ఒకటి, అభిప్రాయాల మీద నడిచే మరో మూడు ప్రపంచ సూచికల గురించి ఇలాంటి వాదనే చేసింది. వాటి మార్కులు ప్రపంచ బ్యాంకు పాలన సూచికల్లోకి, అక్కడి నుంచి దేశాల రుణ రేటింగుల్లోకి చేరుతున్నాయని హెచ్చరించింది. ఈ గొలుసు నిజమే, ప్రపంచ బ్యాంకు వాడే ఆధారాల్లో పత్రికా స్వేచ్ఛ జాబితా ఒకటి. ర్యాంకు మీద ఢిల్లీకి అంత పట్టింపు ఉండటానికి పరువుతో పాటు ఇదీ కారణం.

ఎవరిని అడిగారో పేర్లు బయటపెట్టరన్న ఆక్షేపణలో బలముంది. అయితే జవాబు చెప్పినవారికి ముప్పు ఉన్న దేశాల్లో పేర్లు ఎలా ప్రకటిస్తారన్న ఎదురు ప్రశ్నకూ అంతే బలముంది. లక్షకు పైగా రిజిస్టరైన పత్రికలున్న దేశానికీ, ఎనిమిది లక్షల జనాభా ఉన్న భూటాన్‌కూ ఒకే ప్రశ్నావళి సరిపోతుందా అన్న సందేహం సబబే. 2025లో భూటాన్ పక్కనే 152లో ఉందన్న విషయం సామాన్య పాఠకుడికి ఏమీ చెప్పదు. నిలవని వాదన ఒకటుంది: పత్రికలు ఇన్ని ఉన్నాయి కాబట్టి స్వేచ్ఛ ఉన్నట్టే అనడం. పైన చెప్పిన మండలంలో అయిదు పత్రికల విలేకరులుంటే, అయిదుగురూ ప్రకటన కోసం వెళ్లేది అదే మిల్లుకు.

ఒక్క అంకె పెద్ద దేశానికి సరిపోదన్నది మాత్రం గోదావరి ఒడ్డున ఎవరికైనా తెలిసిన విషయమే. వరద మొదలైన రోజుల్లోనే చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మీదికి నీరొస్తుంది, లంకవాసులు పడవ ఎక్కుతారు. అదే పూట అమలాపురం గడియార స్తంభం సెంటర్‌లో బేరాలు మామూలుగా సాగుతుంటాయి. ధవళేశ్వరం గేజీ రెండు చోట్లకూ ఒకటే. ఢిల్లీ, హైదరాబాద్ స్టూడియోల్లో కూర్చున్న వ్యాఖ్యాతకూ, మండల విలేకరికీ దేశం స్కోరు ఒకటే అయినట్టు.

ఇకపై ఎవరిని లెక్కిస్తారు?

రానున్న సంవత్సరాల్లో ఈ జాబితాలకు గట్టి పరీక్ష వేరే వైపు నుంచి వస్తోంది. లైన్ అకౌంట్ మీద బతకలేని విలేకరులు చాలామంది సొంత యూట్యూబ్ ఛానెళ్లు, వాట్సాప్ వార్తా గ్రూపులు పెట్టుకున్నారు. మైకు మీద ఛానెల్ లోగో, చేతిలో ఫోను ఉంటే చాలు. వీరిలో గట్టిగా పనిచేసేవారున్నారు, వార్త పేరుతో బెదిరించి డబ్బు గుంజేవారూ ఉన్నారు. ఎక్కువ మందికి విలేకరిగా ప్రభుత్వం గుర్తించి ఇచ్చే అక్రిడిటేషన్ కార్డు లేదు. 1867 నాటి చట్టం స్థానంలో 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన పత్రికల రిజిస్ట్రేషన్ చట్టంలో యూట్యూబ్ ఛానెల్‌కు చోటు లేదు. ఇసుక ర్యాంపు దగ్గర వీడియో తీస్తున్న ఇలాంటి మనిషి మీద కేసు పడితే, స్టేషన్ రికార్డులో అతను బెదిరింపుల నిందితుడు, ఊళ్లో కొందరికి విలేకరి. ప్యారిస్ లెక్కలో ఏ పద్దులో చేరతాడన్నది, ఆ వీడియోలో ఏముందో వెళ్లి చూసేవారు ఉన్నారా లేరా అన్నదాని మీద ఆధారపడుతుంది.